బరకం కప్పిన పడవ రోడ్డెక్కినప్పుడు



బండి మీద ఓడ వస్తుంది, ఓడ మీద బండి వస్తుంది అని మన పెద్దలు చెప్పిన సామెత మీకందరికీ తెలుసు. కాలం తిరగబడిన మనుషులను గూర్చి ఆ మాట వాడుతుంటాము. అయితే సముద్రతీరాన కాపురముండే మన కుటుంబాలకు అది సామెత మాత్రమే కాదు, కళ్లెదుట జరిగే పని. యార్డులో తయారైన కొత్త పడవ రేవుకు రావాలంటే బండెక్కవలసిందే. అడుగు పగిలిన పడవ బాగుకు పోవాలన్నా, ఒక రేవులో అమ్మిన పడవ మరో రేవుకు చేరాలన్నా, చెరువులో చేపలు పట్టేవారి చిన్న పడవ ఒక చెరువు నుండి ఇంకో చెరువుకు మారాలన్నా రోడ్డు తప్పదు. పడవ బ్రతుకంతా నీళ్ల మీద గడిచినా, నేల మీద గడిపే ఆ నాలుగైదు గంటల్లో కూడా అది దెబ్బతినవచ్చు.

ఈ నెల మనం ఆలోచించవలసిన ప్రశ్న చిన్నదే. ట్రాక్టరు ట్రాలీ మీదగానీ లారీ మీదగానీ పడవను తీసుకెళ్లేటప్పుడు దాని మీద బరకం కప్పవచ్చునా, కూడదా? చిన్న ప్రశ్నే గదా అని తీసివేయకండి. ఒక ఫైబరు పడవ, దాని ఇంజను, వలలు కలిపితే కొన్ని లక్షల రూపాయల మాట. ఆ లక్షలు చాలా ఇళ్లలో వడ్డీకి తెచ్చినవి. పైగా రోడ్డు మీద మన పడవ ఒక్కటే పోదు. దాని వెనుక ఎవరో ఒక తండ్రి భార్యాబిడ్డలను మోటారు సైకిలు మీద ఎక్కించుకొని వస్తూ ఉంటాడు.

ఎందుకు కప్పుతారు?

అడిగితే నాలుగు కారణాలు చెబుతారు. ఎండ తగలకూడదని, దుమ్ము పడకూడదని, వాన నీళ్లు నిండకూడదని, లోపల పెట్టిన వలలూ సామానూ ఎగిరిపోకూడదని. ఎవరి కళ్లయినా పడతాయేమోనని ఐదవ కారణం కూడా కొందరు మెల్లగా చెబుతారు. దాని సంగతి అలా ఉంచి మొదటి నాలుగింటినీ చూద్దాం.

ఎండ వలన ఫైబరు పడవకు నష్టం లేదని కాదు. పైపూత వెలిసిపోతుంది, సున్నంలాగ చేతికి అంటుకుంటుంది. అయితే అది నెలల తరబడి, ఏళ్ల తరబడి జరిగే పని. సంవత్సరం పొడవునా ఇసుక మీద ఎండలో పడి ఉండే పడవకు మూడు గంటల ప్రయాణంలో ఎండ చేసే కీడు ఏముంటుంది? దుమ్ము సంగతి కూడా అంతే. రేవుకు చేరగానే నాలుగు బిందెల నీళ్లు పోస్తే పోతుంది. కాబట్టి దగ్గర ప్రయాణంలో ఎండ కోసమో దుమ్ము కోసమో బరకం కప్పనక్కర లేదు. ఇక మిగిలినవి వాన, సామాను. ఈ రెండూ ఆలోచించవలసినవే. కాని వాటికంటే ముందు గాలిని గూర్చి తెలుసుకోవాలి.

గాలి లెక్క

ఇల్లు కదలదు గనుక గాలి వచ్చి ఇంటిని కొడుతుంది. లారీ కదులుతుంది గనుక అదే వెళ్లి గాలిని కొడుతుంది. బరకానికి ఈ రెండింటికీ తేడా తెలియదు. గాలి లేని ప్రశాంతమైన రోజున గంటకు 70 కిలోమీటర్ల వేగంతో లారీ పోతుంటే, దాని మీది బరకానికి గంటకు 70 కిలోమీటర్ల గాలి వీచినట్టే. మన వాతావరణ శాఖవారు గంటకు 62 నుండి 88 కిలోమీటర్ల గాలిని ఏమంటారో మీకు తెలుసు. తుపాను అంటారు. ఆ గాలికి రేవులో మూడవ నెంబరో అంతకంటే పెద్దదో జెండా ఎగురుతుందేమోనని మనం రేడియో దగ్గర చెవి పెట్టుకొని కూర్చుంటాము, పడవలను ఒడ్డుకు లాగి కట్టుకుంటాము. అదే మనము హైవే మీద, ఎండ కాస్తున్న పూట, ఒక బరకాన్ని నాలుగు మూలలా నాలుగు ముళ్లు వేసి ఆ తుపానులోకి పంపుతున్నాము.

ఇంకొక సంగతి. వేగం రెండింతలైతే గాలి తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, గాలికి ఎదురుగా నిలబడిన ఒక చదరపు మీటరు గుడ్డ మీద దాదాపు 2 కిలోల తోపు ఉంటుంది. 40లో అది 7 కిలోలు దాటుతుంది. 60లో 17 కిలోలవుతుంది. 80లో 30 కిలోల దాకా పోతుంది. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లు ఉన్నదనుకోండి, మీరు 60లో పోతున్నా బరకానికి తగిలేది 80 గాలి. ఎదురుగా ఒక బస్సు రయ్యిమని దాటిపోతే దాని విసురు మరొకటి.

బరకం నున్నగా, బిగువుగా ఉన్నంతవరకు గాలి దాని మీదుగా జారిపోతుంది. ఎక్కడో ఒక అంచు వదులైతే గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు బరకం గొడుగులాగ ఉబ్బుతుంది. ఉబ్బిన గుడ్డ గాలికి ఎదురు నిలుస్తుంది, పై లెక్క అంతా దానికి వర్తిస్తుంది. ఒక రింగు తెగితే దాని భారం పక్క రింగు మీద పడుతుంది, అదీ తెగితే తరువాతిదాని మీద. చూస్తుండగానే ఒక వైపంతా విడిపోతుంది. చేతిలో గొడుగు పెనుగాలికి తిరగబడటం చూడనివారు ఎవరు? అది ఒక చిన్న గొడుగు. పడవ బరకం పది పన్నెండు చదరపు మీటర్లు ఉంటుంది.

పడవకు జరిగే కీడు

బరకం పడవను కాపాడుతుందని కప్పుతాము. వదులుగా కప్పిన బరకం పడవను తినేస్తుంది. ఫైబరు పడవ గాజు నార మీద రెసిన్ పోసి చేసినది. బయటి నున్నని పూత దానికి చర్మం వంటిది. ఆ పూత ఉన్నంతవరకు నీరు లోపలికి దిగదు. బరకం అంచు దాని మీద నిమిషానికి వందలసార్లు టపటప కొట్టుకుంటుంటే, మధ్యలో చిక్కిన ఇసుక రేణువులు ఉప్పుకాగితంలాగ పని చేస్తాయి. మూడు గంటల తరువాత విప్పి చూస్తే అంచుల వెంబడి పూత మసకబారి గీతలు పడి ఉంటుంది. బరకం రింగులు ఇనుపవైతే చిన్న చిన్న గుంటలు కూడా పడతాయి. తాడు ఒరిసిన చోట గాడి పడుతుంది. పడవ మీద రాయించిన రిజిస్ట్రేషన్ నెంబరు అరిగిపోతే అది మళ్లీ రాయించవలసినదే.

చెక్క నావ సంగతి కొంచెం వేరు. దానికి గీతలకంటే ఎండిపోవడం ప్రమాదం. దూర ప్రయాణంలో వేడిగాలి తగిలి పలకలు కుంచించుకుంటే అతుకులు నోళ్లు తెరుస్తాయి. దానికి బరకంకంటే లోపల తడి గోనెసంచులు పరచి, మధ్యమధ్య నీళ్లు చల్లుకుంటూ పోవడం మేలు. రేవుకు చేరిన తరువాత కూడా వెంటనే వేటకు దింపక, ఒడ్డు దగ్గర నీళ్లలో ఉంచి పలకలు ఉబ్బనివ్వాలి.

వెనుక వచ్చేవారికి జరిగే కీడు

ఒక్క క్షణం ఇలా ఊహించుకోండి. పొద్దుగూకే వేళ. లారీ మీద పడవ, పడవ మీద నీలం బరకం. వెనుక యాభై అడుగుల దూరంలో మోటారు సైకిలు. ముందు భర్త, వెనుక భార్య, ఇద్దరి మధ్య నిద్రపోతున్న బిడ్డ. బరకం తాడు తెగింది. పన్నెండు చదరపు మీటర్ల గుడ్డ గాలిలో లేచి నేరుగా వచ్చి ఆ మనిషి ముఖాన్ని కప్పింది. లేదా తాడు కొస ముందు చక్రంలో చుట్టుకున్నది. తరువాత సంగతి నేను వ్రాయనక్కర లేదు. లారీ డ్రైవరుకు వెనుక ఏమి జరిగిందో కూడా తెలియకపోవచ్చు. ఊరు చేరి దిగి చూసి, అయ్యో బరకం ఎక్కడో పడిపోయిందే, వేల రూపాయలు పోయెనే అని విచారిస్తాడు.

బరకం ఎగరకపోయినా మరొక ప్రమాదమున్నది. వెనుకకు వేలాడే బరకం వాహనం ఎర్రలైట్లను, నెంబరు పలకను, మెరిసే పట్టీలను కప్పివేస్తుంది. రాత్రివేళ వెనుకనుండి వచ్చేవారికి నల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. దానికి తోడు 30 అడుగుల పడవను అందులో సగం కూడా లేని ట్రాలీ మీద వేస్తే వెనుక భాగం రోడ్డు మీదికి పొడుచుకొని వస్తుంది. అది సరిగ్గా మోటారు సైకిలు మీద కూర్చున్న మనిషి తల ఎత్తున ఉంటుంది.

చట్టం కూడా దీనిని ఊరకే చూడదు. 1988 మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, సరకు వాహనం పక్కలకుగానీ, ముందుకుగానీ, వెనుకకుగానీ, ఎత్తుకుగానీ అనుమతించిన హద్దు దాటి పొడుచుకొని వస్తే 20,000 రూపాయల జుల్మానా. ఆ సరకును దింపించే ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలి. నడిపినవాడే కాదు, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ బాధ్యులే. ముందుగా అధికారుల దగ్గర అనుమతి పొందినవారికి మినహాయింపు ఉన్నది. కాబట్టి కిరాయి తక్కువని పొట్టి ట్రాలీ మాట్లాడుకోక, పడవ పొడుగుకు తగిన లారీ చూసుకోండి. తప్పనిసరైతే రవాణా కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే చెడ్డ అలవాటు

తీరం వెంబడి తరచుగా కనబడే దృశ్యం ఒకటున్నది. బరకం ఎగరకుండా దాని మీద ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెడతారు. వాళ్లు నవ్వుకుంటూ, పాటలు పాడుకుంటూ వస్తారు. తాడు చేయవలసిన పనిని మన బిడ్డలచేత చేయిస్తున్నామన్నమాట. పైన చెప్పిన లెక్క మళ్లీ చూడండి. చదరపు మీటరుకు 17 కిలోల తోపుతో లేచే పన్నెండు మీటర్ల గుడ్డను పదిహేనేళ్ల పిల్లవాడు ఆపగలడా? గుడ్డతోపాటు వాడూ లేస్తాడు. సడన్ బ్రేకు వేస్తే ముందుకు పడతాడు.

ఇక కరెంటు తీగలు. మన ఊళ్ల సందుల్లో తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో తెలియనిది కాదు. లారీ మీద పడవ, పడవ మీద కుర్రాడు, వాడి చేతిలో తీగను పైకెత్తడానికి ఒక వెదురు గడ. ఎండిన వెదురు కదా, ఏమీ కాదు అంటారు. వాన తడిసిన వెదురు, చెమటపట్టిన చెయ్యి కరెంటును ఆపవు. 11 వేల వోల్టుల తీగను తాకనక్కర కూడా లేదు, మరీ దగ్గరకు వెళ్తే చాలు. బయలుదేరకముందే పడవతో కలిపి ఎత్తు కొలవండి. దారి ఒకసారి చూసి రండి. తీగ తగులుతుందనిపిస్తే విద్యుత్ శాఖవారికి చెప్పి సరఫరా ఆపించుకొని దాటండి, లేదా వేరే దారిన వెళ్లండి. మనిషిని మాత్రం పడవలోగానీ, బరకం మీదగానీ, బరకం కిందగానీ ప్రయాణం చేయనివ్వకండి. చిన్నపిల్లలు సరదాకు బరకం కింద దూరతారు. బయలుదేరేముందు ఒకసారి ఎత్తి చూడండి.

మన ఇంట్లోనే ఉన్న మందు

అయితే సామాను ఎగిరిపోకుండా ఏమి చేయాలి? దీనికి మందు ప్రతి మత్స్యకారుని ఇంట్లో ఉన్నది. అదే పాత వల. బరకం గాలిని ఆపుతుంది గనుక గాలి దానిని లేపుతుంది. వల గాలిని తన కళ్లలోనుండి పోనిస్తుంది గనుక లేవదు. లోపలి తెడ్లు, బుంగలు, డబ్బాలు మాత్రం దాని కంటిలోనుండి బయటికి రాలేవు. చిన్న కన్ను ఉన్న పాత వలను రెండు మూడు పొరలుగా పడవ మీద పరచి, అంచుల కిందుగా తాడుతో బిగించి కడితే ఏ బరకమూ దానికి సాటిరాదు. లారీలవారు సరకు మీద వేసే తాళ్ల వలకూడా ఇదే సూత్రం మీద పని చేస్తుంది. వేటకు పనికిరాదని మూలన పడేసిన వల రోడ్డు మీద పనికొస్తుంది.

ఇంకా మంచిది, పడవను ఖాళీగా పంపడం. వలలు, ఐసు పెట్టెలు, ఇంజను వేరే బండిలో వేయండి. పడవ తేలికవుతుంది, దొంగల భయం తగ్గుతుంది, కప్పవలసిన అవసరమే ఉండదు.

కప్పక తప్పనప్పుడు

వానకాలం, దూరపు ప్రయాణం, కొత్తగా రంగు వేసిన పడవ. ఇటువంటప్పుడు కప్పక తప్పదు. వాన నీటి బరువు కూడా తక్కువది కాదు. పడవలో ఎనిమిది చదరపు మీటర్ల మేర పది సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నిలిస్తే 800 లీటర్లు, అంటే 800 కిలోలు. అటూ ఇటూ ఊగే ఆ బరువు మలుపులో బండిని బోల్తా కొట్టించగలదు. కాబట్టి కప్పినా కప్పకపోయినా పడవ అడుగు బిరడా తీసే ఉంచండి. నీళ్లు పడినవి పడినట్టే పోతాయి. రేవులో నీళ్లలోకి దింపకముందు బిరడా మళ్లీ పెట్టడం మరచిపోకుండా, దానిని తాడుతో ఇంజను పిడికి కట్టి ఉంచండి.

ఇక కప్పే పద్ధతి:

1. పడవ మొన బండి ముందువైపుకు ఉండాలి. మొన గాలిని చీల్చుతుంది. వెడల్పాటి వెనుకభాగం ముందుకు ఉంటే గాలి నేరుగా బరకం కిందికి దూరుతుంది.

2. పడవకు కట్టే తాళ్లు వేరు, బరకానికి కట్టే తాళ్లు వేరు. ముందుగా పడవను బండికి కట్టండి. అడుగున పాత టైర్లుగానీ ఇసుక సంచులుగానీ వేసి, పడవ బరువు ఒకే చోట పడకుండా పొడుగునా ఆనేటట్టు చూడండి. ముందు ఒక కట్టు, వెనుక ఒక కట్టు, మధ్య రెండు అడ్డకట్లు. ఆ తరువాతనే బరకం. ఒక్క తాడుతో రెండు పనులూ కానిచ్చామంటే, బరకం తెగిన రోజున పడవ కూడా జారుతుంది.

3. పలుచని ప్లాస్టిక్ పట్టా పనికిరాదు. అది గాలికి చీలికలు పేలికలవుతుంది. మందపాటి టార్పాలిన్ తీసుకొని, అంచు మడిచి లోపల తాడు పోసి కుట్టించండి. రింగులు మూరకొకటి ఉండాలి.

4. బరకం అంచు పడవ అంచు మీద ఆగిపోకూడదు. పడవ అంచు దాటి కిందికి దిగి, అడుగు వైపుకు లాగి కట్టబడాలి. ముందు మొన దగ్గర మడతలు లేకుండా మరింత బిగువుగా ఉండాలి. గాలి మొదట వెదికేది ఆ చోటునే.

5. బరకం పైనుండి, రెండు మూరలకొకటి చొప్పున, ఒక వైపునుండి రెండవ వైపుకు అడ్డతాళ్లు వేయండి. దాని మీద పాత వల కూడా వేసి బిగిస్తే బరకం కొట్టుకోవడం చాలావరకు ఆగిపోతుంది.

6. బరకం మధ్యలో గుంట పడకుండా, లోపల పొడుగునా ఒక వెదురు గడను ఇంటి దూలంలాగ నిలపండి. రెండు మీటర్ల పొడుగు, ఒక మీటరు వెడల్పు గుంటలో పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే 200 కిలోలు. ఆ బరువుకు బరకం చిరుగుతుంది.

7. తాడు ఒరిసే ప్రతి చోటా గోనెసంచి మడిచి పెట్టండి. తాళ్ల కొసలు గాలికి వేలాడకుండా లోపలికి దోపండి.

8. వెనుక లైట్లు, నెంబరు పలక కనబడుతున్నాయో లేదో పది అడుగులు వెనక్కు వెళ్లి చూడండి. పడవ కొసకు పగలైతే ఎర్రగుడ్డ, రాత్రైతే ఎర్రదీపం కట్టండి. వీలైనంతవరకు పగలే ప్రయాణం చేయండి.

9. బయలుదేరిన పది కిలోమీటర్లకు ఒకసారి ఆపి ముళ్లన్నీ చూడండి. కొత్తగా కట్టిన తాడు కుదుపులకు సాగి వదులవుతుంది. తరువాత గంటకొకసారి చూడండి. కొట్టుకునే చప్పుడు వినబడితే వెంటనే ఆపండి.

10. బరకం కింద పెట్రోలు డబ్బా ఉంచవద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. మూసిన బరకం కింద ఎండకు లేచి పడవ అడుగున నిలిచిపోతుంది. బరకం ఎత్తి బీడీ ముట్టించుకుంటే చాలు. ఇంజను ట్యాంకు కూడా ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించండి. దిగిన తరువాత బరకం తీసి కాసేపు గాలి ఆడనిచ్చి పని మొదలుపెట్టండి.

వేగం సంగతి

కట్టు ఎంత బాగున్నా వేగం తగ్గించనిదే ఫలితముండదు. 60 కిలోమీటర్ల దారిని గంటకు 60 వేగంతో గంటలో పోతాము. 40 వేగంతో గంటన్నర పడుతుంది. మిగిలేది అరగంట. ఆ అరగంట కోసం బరకం మీద గాలి తోపును రెండింతలకు పైగా పెంచుతున్నాము. డ్రైవరు తొందరపడతాడు, అతనికి మరో కిరాయి ఉంటుంది. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ మాట చెప్పండి. తమ్ముడూ, నలభై దాటవద్దు, కావలిస్తే మరో రెండు వందలు తీసుకో అంటే ఎవరూ కాదనరు. ఆ రెండు వందలు ఖర్చు అనుకోకండి.

ఇతర చోట్ల

అమెరికాలో ఉన్న మనవారి పిల్లలు సెలవుల్లో కారు వెనుక పడవను తగిలించుకొని చెరువులకు పోతారని వినే ఉంటారు. అక్కడ పడవ కవర్లు రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి రేవులో, ఇంటి దగ్గర కప్పడానికి. రెండవది రోడ్డు ప్రయాణానికి. మొదటిది రోడ్డు మీద వాడవద్దని తయారీదారులే చెబుతారు. ఏ పడవకు ఆ పడవ కొలతకు కుట్టిన కవరునే, పట్టీలతో బిగించి వాడమంటారు. మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో చెరువులోనుండి తీసిన పడవను రోడ్డెక్కించేటప్పుడు అడుగు బిరడా తీసే ఉంచాలని చట్టమే ఉన్నది. ఒక చెరువు నీళ్లతోపాటు పరాయి జాతి ఆల్చిప్పల పిల్లలు మరో చెరువుకు చేరి పాడు చేస్తాయని వారి భయం. చెరువుల్లో వేటాడే మనవారుకూడా ఒక చెరువు నీళ్లు, నాచు రెండవ చెరువులోకి మోసుకుపోకుండా పడవను కడిగి ఆరబెట్టుకొని పోవడం మంచిది.

కేరళలో 2018 ఆగస్టులో వరదలు వచ్చినప్పుడు జరిగినది దేశమంతా చూసింది. సముద్రతీరపు మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించుకొని, ఎప్పుడూ చూడని లోపలి ఊళ్లకు, చెంగన్నూరుకు, ఆలువాకు, చాలకుడికి రాత్రికి రాత్రే బయలుదేరారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 669 పడవలు, 4,537 మంది మత్స్యకారులు. వారు కాపాడినవారు దాదాపు 65,000 మంది. పడవలు గోడలకు, కంచెలకు, నీట మునిగిన వాహనాలకు తగిలి చాలావరకు దెబ్బతిన్నాయి. బ్రతుకుతెరువైన పడవను గీతలు పడతాయని మూసి దాచుకోలేదు, మనుషుల కొరకు రోడ్డెక్కించారు.

ఆ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన తీరంలోనూ వరద ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు తాళ్ల కోసం, టైర్ల కోసం వెదికే సమయం ఉండదు. ప్రతి రేవులో నాలుగు మంచి మోకులు, ఎనిమిది పాత టైర్లు, రెండు ఎర్రగుడ్డలు, ఒక పాత వల ఒక చోట కట్టగట్టి ఉంచుకుంటే, ఏ వేళ కబురు వచ్చినా అరగంటలో పడవను భద్రంగా లారీ ఎక్కించవచ్చు. యౌవనస్థులు దీనిని తమ పనిగా తీసుకుంటే ఎంత బాగుంటుంది!

ఇంటికి చేరిన తరువాత

రేవుకు చేరగానే బరకం విప్పండి. తడిసిన బరకం కింద పడవను రోజుల తరబడి మూసి ఉంచితే చెక్క కుళ్లుతుంది, తాళ్లకు బూజు పడుతుంది, ఇంజను తుప్పు పడుతుంది. బరకాన్ని మంచినీళ్లతో కడిగి, ఇసుక దులిపి, నీడలో ఆరవేసి, చుట్టచుట్టి పెట్టండి. చిరిగిన రింగును ఆ రోజే కుట్టించండి. ఒడ్డున ఎక్కువ కాలం కప్పి ఉంచవలసివస్తే రెండు కొసల గాలి ఆడే సందు వదలండి. వాహనం లేదు గనుక అక్కడ బరకం నిజంగా పడవకు కాపుదల.

చివరగా, ఈ పని ఇంటి మగవారు మాత్రమే మాట్లాడుకొని ముగించే పని కాదు. పడవకు కట్టిన వాయిదాలలో ఇల్లాలి డ్వాక్రా అప్పు కూడా ఉంటుంది. బయలుదేరే రోజున ఆమె కూడా వచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగి చూడనివ్వండి. ముడి వదులుగా ఉన్నచోట, బియ్యం మూట కట్టిన చేతికి ఇట్టే తెలుస్తుంది. పిల్లలు ఇంటి దగ్గరే ఉన్నారో, బరకం కింద ఉన్నారో తల్లికే ముందు తెలుస్తుంది.

పడవ కట్టేటప్పుడు మన కన్ను పడవ మీదనే ఉంటుంది. అది సహజం. అయితే కట్టిన తరువాత ఒకసారి రోడ్డు మీదికి వెళ్లి, వెనుక వచ్చే మోటారు సైకిలువాడు నిలుచునే చోట నిలబడి చూడండి. అక్కడినుండి చూసినప్పుడు ఏ తాడు వదులుగా ఉన్నదో, ఏ దీపం కనబడటంలేదో, ఏ కొస ముఖానికి తగిలేటట్టు ఉన్నదో తెలుస్తుంది. అది సరిచేసి, తరువాత డ్రైవరుకు చెయ్యి ఊపండి.